అంచు తాడు

క్లీవ్‌లాండ్,
అక్టోబరు 4.

వెర్డెల్ అక్కా,

నీకు ఉత్తరం రాయడానికి మా పెరోల్ ఆఫీసరుని ఒప్పించేసరికి మూడు నెలలు పట్టింది. బయటికొచ్చినవాళ్ళు లోపలున్నవాళ్ళకి రాయకూడదట. ఆరేళ్ళు ఒకే గదిలో నువ్వు కింది మంచం మీదా నేను పై మంచం మీదా పడుకున్నామనీ, నువ్వు నేర్పిన లెక్కల పుణ్యానే శిక్షణలో చేరే పరీక్ష పాసయ్యాననీ చెబితే ఆవిడ సంతకం పెట్టింది.

అవునక్కా, పాసయ్యాను. కట్టడాల ఇనుప పనిలో చేరి పది వారాలైంది. నాలుగేళ్ళ శిక్షణ. పగలంతా పని, వారానికి రెండు సాయంత్రాలు యూనియన్ వాళ్ళ బడిలో క్లాసులు. నాలుగేళ్ళూ నిలబడితే యూనియన్ కార్డు చేతికొస్తుంది, ఆపైన దేశంలో ఎక్కడ ఉక్కు కట్టడం లేచినా నాకు పని దొరుకుతుంది.

మొదటి ఏడాదివాళ్ళని ఇక్కడ పిల్లకాకులంటారు. ముప్పై నాలుగేళ్ళ పిల్లకాకిని నేనొక్కదాన్నే. ఆడదాన్నీ నేనొక్కదాన్నే. నా పని బోల్టులు మొయ్యడం. ఆ బకెట్టు ఒక్కసారి ఎత్తి చూస్తే మన లాండ్రీలో తడిదుప్పట్ల బండి దూదిమూట అనుకుంటావు. అరచేతులు పగిలి, ఎండి, మళ్ళీ పగిలాయి. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే నిద్రపోతున్నాను.

మా మేస్త్రీ పేరు హాన్లన్. అరవై దగ్గరుంటాయి, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. నా కాగితాల్లో జైలు మాట చూసి ఏ మేస్త్రీ నన్ను తన జట్టులోకి తీసుకోకపోతే ఈయన తీసుకున్నాడు. మొదటిరోజు అందరి ముందూ, "ఏం చేసి లోపలికెళ్ళావో నాకక్కర్లేదు. ఆరింటికి పనంటే ఐదు ముప్పావుకి ఇక్కడుండాలి" అన్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ నన్నా సంగతి అడగలేదు.

నాతోపాటు ఇంకో పిల్లకాకి ఉన్నాడు. ఎఫ్రేన్. ఇరవై నాలుగేళ్ళవాడు, వాళ్ళవి ప్యూర్టోరికో మూలాలు. వాళ్ళమ్మ ఇర్మా కందులు వేసి వండిన అన్నం డబ్బాలో పెట్టి, 'ఆ ఆడమనిషికి కూడా' అని రెండు చెంచాలు వేసి పంపుతుంది. వాడు మాత్రం నా వాటాలోంచి కూడా తినేస్తాడు.

జోనెల్‌కి పదకొండు నిండాయి. ఇంకా మా చిన్నమ్మ దగ్గరే ఉంది, ఆదివారాలు చూసొస్తున్నాను. పని వదలకుండా, ఏ గొడవా లేకుండా ఉంటే జూన్‌లో పిల్లని నాకిస్తానంది కోర్టు.

నీ మోకాళ్ళెలా ఉన్నాయి?

నీ టావియా.

*

లోపలి నుంచి,
అక్టోబరు 27.

పిల్లా,

నీ ఉత్తరంలో రెండో పేజీ కుక్కపిల్ల నమిలేసింది. గుడ్డివాళ్ళకి దారి చూపే కుక్కల్ని ఇక్కడ మాచేత పెంచిస్తున్నార్లే, నువ్వెళ్ళాక మొదలుపెట్టారు. నాకిచ్చినదానికి దారి సంగతి దేవుడెరుగు, కాగితం కనబడితే చాలు. కాబట్టి మేస్త్రీ నిన్ను జట్టులోకి తీసుకున్నదాకా చదివాను, తర్వాత ఏకంగా నా మోకాళ్ళ దగ్గర తేలాను. మధ్యలో ఏముందో మళ్ళీ రాయి.

మోకాళ్ళు అరుస్తున్నాయి. నీ పై మంచం మీదికి ఒక చిన్నపిల్లొచ్చింది, ఇరవై రెండు. రోజంతా ఏడుస్తుంది. నువ్వు మొదటి నెలంతా గోడవైపు తిరిగి పడుకున్న సంగతి చెప్పాను. అప్పటికి ఊరుకుంది.

నువ్వు లెక్కలు పాసవడం నా గొప్పేం కాదు. భిన్నాలు చెబుతుంటే నన్ను కొట్టేలా చూసేదానివి, అయినా లేచి వెళ్ళిపోలేదు. అక్కడా అంతే చెయ్యి. మగాళ్ళ గుంపులో నోరు తక్కువ, చెవులు ఎక్కువ ఉండనీ. ఆ మేస్త్రీ నిన్ను నిలబెట్టాడు, మంచిదే. కానీ ఒక్క మనిషి దయ మీద బతకడం ఎలా ఉంటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అంటారు. నువ్వు దెబ్బ తిన్న కాకివి, నీకు తెలిసే ఉండాలి.

పైనుంచి సరస్సు కనిపిస్తుందా? నేను పుట్టింది దాని ఒడ్డునే. ఇరవై ఆరేళ్ళయింది చూసి.

వెర్డెల్.

*

క్లీవ్‌లాండ్,
డిసెంబరు 9.

అక్కా,

కుక్కపిల్ల నమిలిన పేజీ మళ్ళీ రాసి దీనితో పెడుతున్నాను. సరస్సు కనిపిస్తుంది. ఈ రోజుల్లో బూడిద రంగులో ఉంది. అక్కడినుంచి వచ్చే గాలికి కళ్ళలో నీళ్ళు కారి చెంప మీదే గడ్డకడుతున్నాయి.

నిన్న మొదటిసారి దూలం మీద నడిచాను. నాలుగో అంతస్తు ఎత్తున, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా, నా పాదం కంటే కాస్త ఎక్కువ వెడల్పు, అంతే. గుర్రం ఎక్కినట్టు కూర్చుని జరుగుతూ వెళ్ళినా ఎవరూ నవ్వరని హాన్లన్ ముందే చెప్పాడు. పాదాలు చూసుకోవద్దు, అవతలి స్తంభాన్ని చూడు, అది నీ దగ్గరికి వస్తుంది అన్నాడు. సగం దాకా నడిచాను. కూర్చుండిపోయాను. ఎవరూ నవ్వలేదు. ఎఫ్రేన్ మాత్రం అవతలి చివర కూర్చుని వాళ్ళమ్మ చేసే పంది మాంసం గురించి ఏదో చెబుతూ పోయాడు. వింటూ వింటూ జరిగాను. చివర చెయ్యందించి, "లేచి నిలబడు, కింద వాళ్ళకి నువ్వు నడిచొచ్చినట్టే కనిపిస్తుంది" అన్నాడు.

ఇక్కడ అంతస్తు అంచు చుట్టూ నడుము ఎత్తున ఉక్కు తాడు కడతారు. మేం భుజాలకి వేసుకున్న పట్టీల హుక్కు దానికి తగిలించుకుని అంచున పనిచేస్తాం. ఆ తాడు కట్టడం, క్రేన్ సరుకు దించేటప్పుడు అడ్డం లేకుండా విప్పడం, మళ్ళీ కట్టడం పిల్లకాకుల పని. నాకు చెయ్యి తిరిగింది. తాడు కొనకి నేను బిగించిన క్లాంపు హాన్లన్ రెండోసారి చూడడు.

పని వెనకబడింది. వానలకి రెండు వారాలు పోయాయట. కంపెనీ మనిషొకడు రోజూ వచ్చి మేస్త్రీతో గొణుగుతాడు, వెళ్ళాక హాన్లన్ మామీద అరుస్తాడు, కాసేపటికి తనే కాఫీ తెచ్చిస్తాడు.

జోనెల్‌కి నా స్పానర్ చూపించాను. ఒక కొన సూదిలా ఉంటుంది, దూలాల బోల్టు రంధ్రాలు కలపడానికి. రెండు చేతులతో ఎత్తి, ఇది నీదేనా అంది. నాదే అన్నాను. అక్కా, ఇది నాది అని ఆ పిల్లకి చూపించగలిగిన వస్తువు అదొక్కటే.

టావియా.

*

క్లీవ్‌లాండ్,
జనవరి 18.

అక్కా,

మా పనిలో గురువారం ప్రమాదం జరిగింది. ఎఫ్రేన్ నాలుగో అంతస్తు నుంచి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. అంచున పనిచేస్తూ తన హుక్కు తనే విప్పుకున్నాడు. తాడు ఉంది. విచారణ జరిగింది, అందరం వాఙ్మూలం ఇచ్చాం. కంపెనీవాళ్ళు రెండు రోజులు పని ఆపారు. రేపటి నుంచి మళ్ళీ మొదలు.

నేను బాగానే ఉన్నాను. జోనెల్ బాగానే ఉంది. మోకాళ్ళు జాగ్రత్త.

టావియా.

*

లోపలి నుంచి,
జనవరి 30.

టావియా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నీ గొంతు లేదు. కందుల అన్నం తిని, నిన్ను దూలం దాటించిన కుర్రాడు చచ్చిపోతే నువ్వు నాకు 'తాడు ఉంది' అని రాశావు. ఉందో లేదో నేనడగలేదే.

ఇప్పుడూ అడగను. ఉత్తరాలు తెరిచి చదివేవాళ్ళున్నారు, నువ్వూ ఏమీ రాయకు. నా సంగతొకటి చెబుతాను. ఆరేళ్ళలో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

అది ఆదివారం మధ్యాహ్నం. ఉల్లిపాయలు తరుగుతున్నాను. నా మొగుడు నా గొంతు పట్టుకుని గోడకి అదిమాడు. అంతకుముందూ చాలాసార్లు చేశాడు, కానీ ఈసారి వదలడని అర్థమైంది. కత్తి నా చేతిలోనే ఉంది. ఇక్కడిదాకా నేను కోర్టులో చెప్పిందే, కాగితాల్లో ఉంది. కాగితాల్లో లేనిది చెబుతాను. మా తలుపు తీసి ఉంది. ఎదురింటి మిసెస్ పూల్ చక్కెర గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వాడి చేతులు నా గొంతు మీద ఉండడం చూసింది. నేను ఆవిడ కళ్ళలోకి చూశాను, ఆవిడ నా కళ్ళలోకి చూసింది.

కోర్టులో ఆవిడ, "నేను మా వంటింట్లో ఉన్నాను, ఏమీ చూడలేదు" అంది. వాళ్ళాయన గొడవల్లో తల దూర్చొద్దన్నాడట. చెడ్డమనిషి కాదు. నాకు జ్వరమొస్తే సూపు తెచ్చిచ్చిన మనిషి. ఆవిడ ఆ నాలుగు ముక్కలూ మింగడం వల్ల కోర్టు లెక్కలో నేను నిద్రపోతున్న మొగుణ్ణి పొడిచినదాన్నయ్యాను. బతికినంత కాలం ఇక్కడే ఉండమన్నారు.

మొదటి పదేళ్ళూ ఆవిడ మీద పగతో బతికాను. తర్వాత పదేళ్ళు, ఇవాళో రేపో రాస్తుందని ఎదురుచూస్తూ బతికాను. ఇప్పుడు బతికుందో లేదో కూడా తెలియదు.

నిన్ను ఇది చెయ్యమని, అది చెయ్యొద్దని నేననను. నీకు కూతురుంది, నా మెడకి ఆ తాడు లేదు. ఈ సంగతి నీకు తెలియాలనిపించింది, అంతే.

వెర్డెల్.

*

క్లీవ్‌లాండ్,
ఫిబ్రవరి 12.

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇర్మా ఇంటికి వెళ్ళాను. తర్వాత ప్రభుత్వ తనిఖీ ఆఫీసుకి వెళ్ళి రెండో వాఙ్మూలం ఇచ్చాను. అందుకని ఈ ఉత్తరం ఎవరు చదివినా ఫరవాలేదు.

ఆ రోజు క్రేన్ అంతస్తు నేలకి పరిచే ఇనుప రేకుల కట్టలు దించుతోంది. తూర్పువైపు అంచు తాడు అడ్డమొస్తుంటే విప్పమన్నాడు హాన్లన్. నేనే విప్పాను. ఒక కట్ట దిగాక మళ్ళీ కట్టబోతే, ఇంకా రెండు కట్టలున్నాయి, మాటిమాటికీ ఏం కడతావు, ఉండనీ అన్నాడు. ఈలోగా దిగిన రేకులు పరచమని ఎఫ్రేన్‌ని అంచుకి పంపాడు. వాడు హుక్కు చేత్తో పట్టుకుని, "దీన్ని దేనికి తగిలించను మేస్త్రీ?" అని అడిగాడు. "రెండు నిమిషాల పని. చూసుకుని చెయ్యి" అన్నాడు హాన్లన్.

రేకు లేపగానే గాలి దాని కిందికి దూరింది. వదిలేస్తే వాడు బతికేవాడు. కింద మనుషులున్నారు. అందుకే వదల్లేదనుకుంటాను. రేకుతో పాటు వెళ్ళిపోయాడు. అరవలేదు.

అందరూ మెట్లవైపు పరిగెత్తారు. హాన్లన్ నన్ను ఆపాడు. "తాడు కట్టు" అన్నాడు. కట్టాను అక్కా. కింద వాడు ఇంకా ఊపిరి తీస్తున్నాడు, నేను పైన క్లాంపులు బిగిస్తున్నాను. అంత బాగా ఎప్పుడూ కట్టలేదు.

తర్వాత హాన్లన్ షెడ్డులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి మొహం తుడుచుకుని, "నా పింఛనుకి తొమ్మిది నెలలుంది. నీ కూతురికి ఐదు నెలలుంది" అన్నాడు. బెదిరించలేదు. ఉన్న మాటే చెప్పాడు. తాడు ఉందని తనిఖీవాళ్ళకి ఇచ్చే కాగితం కంపెనీ మనిషి తెచ్చాడు, సంతకం పెట్టాను.

ఈ మధ్య బడిలో క్లాసు జరిగింది. మా మాస్టారు బోర్డు మీద అంచూ తాడూ గీసి, మొన్న మీ తోటివాడు చేసినట్టు హుక్కు విప్పకండి, రెండు నిమిషాల బద్ధకానికి తల్లికి కడుపుకోత పెట్టకండి అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేనూ పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఇర్మా తలుపు తీసి నా పేరు చెప్పగానే ఆ అన్నం తిన్నది నువ్వేనా అంది. లోపలికి రమ్మంది. అంతా చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూసి, "ఇరవై నాలుగు రోజులు నా కొడుకుని నిర్లక్ష్యం మనిషన్నారు. నేను కూడా వాణ్ణి తిట్టుకున్నాను, ఎందుకు విప్పావురా అని. ఇన్నాళ్ళూ ఏమయ్యావు?" అంది. నేను లేచేదాకా ఆవిడ అలాగే నిలబడి ఉంది.

ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చినందుకు పెరోల్ వాళ్ళు పిలుస్తారు. మళ్ళీ లోపలేస్తే నీకు రాయడానికి కుదరదు. ఖైదీ ఖైదీకి రాయకూడదు కదా.

టావియా.

*

లోపలి నుంచి,
మార్చి 3.

పిల్లా,

నీ ఉత్తరం రెండు వారాలు ఆఫీసులో పెట్టుకుని ఇచ్చారు. నన్ను పిలిచి ఏమిటిది అన్నారు. మీరు చదివిందే నేనూ చదివాను అన్నాను.

ఏం రాయాలో తెలియడం లేదు. నీ చేతులు పగిలాయన్నావుగా, పడుకునేముందు కొవ్వు రాసి చేతులకి సాక్సులు తొడుక్కో. మా అమ్మ అలా చేసేది.

వెర్డెల్.

*

క్లీవ్‌లాండ్,
ఆగస్టు 23.

అక్కా,

జిల్లా జైల్లో అరవై రోజులుండి వచ్చాను. ఇంకా ఎక్కువే వేసేవాళ్ళు. విచారణ నాడు హాన్లన్ వచ్చాడు. ఎవరూ పిలవకుండానే. తాడు విప్పమన్నదీ కట్టమన్నదీ నేనే, ఆమె నేను చెప్పిన పని చేసింది అని చెప్పి వెళ్ళిపోయాడు. నావైపు చూడలేదు. ఆయన మేస్త్రీ పని పోయింది. కంపెనీ జరిమానా కట్టింది. కట్టడం పూర్తయిపోయింది. మొన్న బస్సులోంచి చూశాను, కిటికీలకి అద్దాలు పెట్టేశారు.

జూన్ వెళ్ళిపోయింది. కోర్టు ఇంకో ఏడాది చూద్దామంది. జోనెల్ మళ్ళీ ఏం చేశావని అడిగింది. అబద్ధం మీద సంతకం పెట్టాను, తర్వాత వెళ్ళి నిజం చెప్పాను అన్నాను. "రెండోది చెయ్యకపోతే నేను ఈపాటికి నీ దగ్గరుండేదాన్ని కదా" అంది. అవునన్నాను. దానితో అబద్ధమాడలేకపోయాను.

యూనియన్ వాళ్ళు నన్ను తీసెయ్యలేదు. శిక్షణ మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కన్నారు. ఏ మేస్త్రీ నన్ను తన జట్టుకి అడగలేదు. చివరికి వంతెన పునాదుల్లో చువ్వలు కట్టే పనికి మనుషులు చాలక పిలిచారు. గోతిలో వంగి, రోజంతా చువ్వకి చువ్వ తీగతో కట్టడం. ఇక్కడ పడ్డానికి ఎత్తేమీ లేదు. హాన్లన్ పేరు వీళ్ళందరికీ తెలుసు. సగంమందికి పని నేర్పింది ఆయనే. నాతో ఎవరూ మాట్లాడరు. భోజనానికి నేను కూర్చుంటే బల్ల ఖాళీ అవుతుంది. ఒకరోజు నా హెల్మెట్టులో ఉమ్మేసి ఉంది. కడుక్కుని పెట్టుకున్నాను.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తే బాగుండు.

టావియా.

*

లోపలి నుంచి,
సెప్టెంబరు 14.

టావియా,

నేను నీకో తప్పు ఒప్పుకోవాలి.

జనవరిలో మిసెస్ పూల్ సంగతి రాశాను. ఏదీ చెయ్యమని అననంటూనే రాశాను. ఆరేళ్ళు దాచుకున్నది సరిగ్గా ఆ రోజే ఎందుకు రాశానో అప్పుడు నన్ను నేను అడగలేదు. నువ్వు జిల్లా జైల్లో ఉన్న రోజుల్లో అడిగాను. నేను ఆ కుర్రాడి గురించి ఆలోచించలేదు. వాళ్ళమ్మ గురించీ లేదు, నీ గురించి అసలే లేదు. నాకు అందని సాక్ష్యం ఎవరో ఒకరి నోట పలికించుకోవాలని ఇరవై ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాను. నువ్వు దొరికావు. నా ఉత్తరం చదివి వెళ్ళావు. ఆ పిల్ల ఇవాళ నీ దగ్గర లేకపోవడానికి ఇక్కడ కూర్చున్న నేను కారణం.

చేసింది మంచో చెడో తెలియదు. మంచే అయినా, దాని మూల్యం నాది కాదు, నీది. ఆ సంగతి మర్చిపోయి రాశాను. ఇకమీదట నాకు రాయకపోయినా తప్పుగా అనుకోను.

వెర్డెల్.

*

క్లీవ్‌లాండ్,
సెప్టెంబరు 29.

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది. తప్పు ఒప్పుకోవాల్సింది నేను.

బడిలో ఆ క్లాసు జరిగింది ఫిబ్రవరి ఐదు, గురువారం. ఇర్మా ఇంటికి వెళ్ళింది ఆ ఆదివారం. తనిఖీ ఆఫీసుకి వెళ్ళింది సోమవారం. నీ ఉత్తరం నా చేతికొచ్చింది మంగళవారం. కవరు నా దగ్గరే ఉంది, ఆఫీసులో వాళ్ళెంత ఆలస్యం చేశారో ముద్ర మీద కనిపిస్తుంది. మిసెస్ పూల్ ఎవరో తెలిసేసరికి నేను చెప్పాల్సినదంతా చెప్పేసి వచ్చాను.

కావాలనే వరస చెప్పకుండా రాశాను. అంత పెద్ద సంగతి విప్పి నాకు పంపావు. అది చదవకముందే వెళ్ళానంటే అది వృథా పోయిందనుకుంటావనిపించింది. నీ మాట వల్ల బయట ఒక పని జరిగిందని నువ్వు అనుకుంటే బాగుంటుందనుకున్నాను. అది నీకు బరువవుతుందని తోచలేదు.

నన్ను ఎవరూ పంపలేదు. తాడు విప్పింది నేను, కట్టింది నేను, సంతకం పెట్టింది నేను, నా కాళ్ళతో వెళ్ళిందీ నేనే. జోనెల్ దూరమైతే అది నా వల్లే. దాంట్లో నీకు వాటా ఇవ్వను.

కానీ నువ్వు చెప్పుకున్నది మాత్రం నేను విన్నాను. వాడి చేతులు నీ గొంతు మీద ఉన్నాయని నాకు తెలుసు. ఇప్పుడు మిసెస్ పూల్ కాక ఇంకొకరికి తెలుసు.

నాకు రాయడం మానొద్దు. ఇంక ఆపుతాను. రేపు మధ్యాహ్నం పునాదిలో కాంక్రీటు పోస్తారట. అది పడేలోగా ఉత్తర దిక్కున చువ్వల కట్లన్నీ కట్టెయ్యాలి. ఆ వైపుకి నన్నొక్కదాన్నే వేశారు.

టావియా.